పోస్టు డబ్బా మీద నీ పేరు

ప్రశ్న: అక్కా, నా వయసు 27. మాది అనంతపురం దగ్గర పల్లె. ఐదేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ కాడుగోడిలో ఉంటున్నాను. పెళ్లై తొమ్మిది నెలలు. మా ఆయన జులైలో బ్లూ కార్డ్ (బాగా చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్) మీద జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్లారు. నాకూ వీసా వచ్చేసింది. 'వెంటనే వచ్చెయ్, నేనంతా చూసుకుంటా' అంటున్నారు. కొత్త దంపతులు ఇన్నాళ్లు వేరుగా ఉండకూడదంటుంది అమ్మ. చలికాలంలో మాత్రం రావద్దంటుంది అక్కడున్న స్నేహితురాలు. నా ప్రాజెక్టు ఫిబ్రవరి ఆఖరుకు అయిపోతుంది. 'అక్కడ కూర్చునైనా మన పని చెయ్యొచ్చులే' అని మా మేనేజర్ నోటిమాటగా అన్నారు. ఆఫీసులో అందరూ 'నీకేంటే, యూరప్' అంటున్నారు. నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానేసి, భాష రాని ఊళ్లో రోజంతా ఇంట్లో కూర్చుంటే నేనేమైపోతాను? ఎప్పుడు వెళ్లమంటారు? మా అత్తగారు రాసిచ్చిన సామాన్ల జాబితా కూడా పంపుతున్నాను. ఇవన్నీ తీసుకెళ్లనిస్తారా? – బెంగళూరు నుంచి ఒక సోదరి

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ముందు ఆ జాబితా సంగతి. రెండుసార్లు చదివాను. ఇడ్లీ పాత్ర, కుక్కర్, మిక్సీ, చింతపండు రెండు కిలోలు, ఆవకాయ, గోంగూర, కంది పొడి, నెయ్యి మూడు కిలోలు, పాలకోవా, నాటుకోడి పచ్చడి, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు... అట్టడుగున 'స్వెటర్' అని కనబడితే హమ్మయ్య అనుకున్నాను. పక్కనే 'అబ్బాయికి' అని ఉంది! మొత్తం జాబితాలో నీది అనదగ్గ వస్తువు ఒక్కటీ లేదు తల్లీ. పెద్దావిడ తప్పేం కాదులే, కొడుకు చిక్కిపోయాడన్న బెంగ ఆవిడది. కానీ దాన్ని యథాతథంగా నాకు పంపేశావు చూడు, 'ఇందులో నావి ఏవి' అని నీకూ తట్టలేదన్నమాట. నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న కూడా అక్కడే ఉంది.

అందులో కొన్ని విమానం ఎక్కించకూడదు కూడా. పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేవడం నిషేధం. కాబట్టి నెయ్యి, కోవా, నాటుకోడి పచ్చడి కొట్టెయ్. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అది మన వల్ల అయ్యే పని కాదు. కరివేపాకు పొడి చేసుకుని వెళ్లు. నెయ్యికి బాధపడకు, అక్కడ ఉప్పు లేని వెన్న 250 గ్రాముల ప్యాకెట్లలో ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. నాలుగు ప్యాకెట్లు కాస్తే ఇల్లంతా మన వంటిల్లు వాసనే. మిక్సీ తీసుకెళ్లొచ్చు. కరెంటు అక్కడా 230 వోల్టులే, ప్లగ్గుకు అడాప్టర్ ఉంటే చాలు. కుక్కర్ కొనేముందు మాత్రం అక్కడి పొయ్యి ఏ రకమో కనుక్కో. గ్యాస్ పొయ్యిలు తక్కువ. ఇండక్షన్ అయితే దానికి పనికొచ్చే అడుగున్న కుక్కరే కావాలి.

ఇక ఎప్పుడు వెళ్లాలి. మార్చి మొదటి వారంలో వెళ్లు. నీ వీసా స్టిక్కర్ మీద తేదీలు ఉంటాయి, ఆ గడువు లోపలే దిగాలి కాబట్టి ముందు అది చూసుకో. గడువు అంతదాకా లేకపోతే నా మాట పక్కన పెట్టి బయల్దేరు. గడువు ఉంటే మాత్రం ఆగమంటాను. ఆగమనేది ప్రాజెక్టు కోసం కాదు.

మా ఆయన ఉద్యోగం మీద మేం స్టుట్‌గార్ట్‌లో నాలుగేళ్లున్నాం. నేను దిగింది నవంబర్‌లో. డిసెంబర్‌లో అక్కడ పొద్దున ఎనిమిది దాటితే గాని వెలుగు రాదు, సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు వెళ్లిపోతాడు. మా ఆయన చీకట్లో వెళ్లి చీకట్లో వచ్చేవాడు. మధ్యలో ఉన్న ఆ కాస్త వెలుగులో నేను వంట చేసి, గిన్నెలు కడిగి, కిటికీ దగ్గర నిలబడేదాన్ని. రోడ్డు మీద మనిషి కనబడితే అదే కబురు. కర్నూలులో అమ్మకు ఫోన్ చేద్దామంటే చలికాలంలో మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా. నాకు చీకటి పడి దిగులు మొదలయ్యే వేళకు అక్కడ రాత్రి తొమ్మిది, అమ్మ వంటిల్లు సర్దేసి పడుకోబోతూ ఉండేది. 'ఏమే, ఏడ్చావా?' అనేది గొంతు విని. లేదు జలుబు అనేదాన్ని. ఆ ఏడాది నాకు నాలుగు నెలలు జలుబే.

మార్చిలో దిగితే ఆ నెల చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఒక్కసారిగా రాత్రి ఏడున్నర దాటేదాకా వెలుగు. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా. మనుషులు బయట కనబడతారు, పార్కుల్లో కూర్చుంటారు, నువ్వూ కూర్చోవచ్చు. చలికాలం ఎలాగూ వస్తుంది. కాకపోతే అప్పటికి నీకు దారులు తెలిసి ఉంటాయి, పలకరించే మొహాలు నాలుగు ఉంటాయి. మీ అమ్మగారికి ఇదే చెప్పు: మూడు నెలలు ఎక్కువ ఎడంగా ఉన్నంత మాత్రాన కాపురాలు కూలవు. కిటికీ దగ్గర నిలబడి మొగుడి కోసం ఎదురుచూసే కాపురంలో గొడవలు ఎలా వస్తాయో నాకు తెలుసు. 'ఎన్నింటికి వస్తావ్' అన్న ఒక్క ప్రశ్న మీదే మేం మూడు నెలలు పోట్లాడుకున్నాం.

ఈ మూడు నెలలూ నీకొక పని. బ్లూ కార్డ్ వాళ్ల భార్యకు వీసా ఇచ్చేటప్పుడు జర్మన్ పరీక్ష అడగరు. నిన్నూ అడిగి ఉండరు. అడగలేదు కదా అని వదిలేశాను నేను. నువ్వు వదలకు. కాడుగోడిలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి ఇందిరానగర్‌లో దిగితే సీఎంహెచ్ రోడ్డు మీదే మాక్స్ ముల్లర్ భవన్, అంటే గోథె ఇన్‌స్టిట్యూట్. ఆన్‌లైన్ క్లాసులూ ఉన్నాయి. ఏ1, అంటే మొదటి మెట్టు, పూర్తి చేసుకుని వెళ్లు. దాంతో ఉద్యోగం రాదు, కొట్టులో చిల్లర అడగడం వస్తుంది. ఇంకో మాట, అక్కడివాళ్లు మాట్లాడేది స్వాబియన్ యాస. పుస్తకాల తెలుగు నేర్చుకున్నవాడు తిన్నగా శ్రీకాకుళం సంతలో దిగినట్టు ఉంటుంది. బెదరకు, జర్మనీలో వేరే ఊళ్లవాళ్లకే అది సరిగ్గా అర్థం కాదట.

బెంగళూరులో ఐదేళ్లు ఒంటరిగా నెగ్గుకొచ్చాను, అక్కడ మాత్రం ఎందుకు భయం అని నీకు నువ్వే చెప్పుకుంటూ ఉండొచ్చు. నేనూ అలాగే చెప్పుకున్నాను. ఒకసారి నిజాయితీగా లెక్క చూడు. ఇక్కడ నీకు కన్నడ ఎంత వచ్చు? నేను రామమూర్తినగర్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నాను, 'స్వల్ప స్వల్ప గొత్తు' దాటి పోలేదు. అవసరం పడితేగా! కూరగాయలవాడికి తెలుగు వచ్చు, ఆటో అతనికి వచ్చు, టైలర్‌ది చిత్తూరు. పాలు గుమ్మానికి వస్తాయి, కొత్తిమీర పది నిమిషాల్లో వస్తుంది, తాళం పోతే వాచ్‌మన్ ఎవర్నో పట్టుకొస్తాడు. ఇక్కడ మన ధైర్యంలో సగం మనది కాదు, చుట్టుపక్కలవాళ్లది. అక్కడ ఆ చుట్టుపక్కల ఉండదు. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకటీ అరా తప్ప. శనివారం సాయంత్రం పెరుగు తెచ్చుకోవడం మరిచిపోతే సోమవారం దాకా మజ్జిగ లేదు. తలుపు వెనక్కి లాగితే అదే తాళం పడిపోతుంది, బయటి నుంచి చెవి లేకుండా తెరుచుకోదు. చెత్త పడేయడానికి కిందికి వెళ్లినా తాళంచెవి జేబులో ఉండాలి. సెలవు రోజున తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే వాడు రాసే బిల్లుకు కళ్లు తిరుగుతాయి.

ఇప్పుడు మీ ఆయన మాట. 'నేనంతా చూసుకుంటా.' ప్రేమగానే అన్నాడు, ఆ ప్రేమ మీద నాకేం అనుమానం లేదు. మా ఆయనా అన్నాడు, అన్నట్టే అంతా చూశాడు కూడా. ఇంటి చిరునామా రిజిస్ట్రేషన్, అన్మెల్డుంగ్ అంటారు, దిగిన రెండు వారాల్లో చేయించాలి, దానికి తీసుకెళ్లి నా బదులు తనే మాట్లాడాడు. ఇన్సూరెన్స్ కాగితాలు తనే నింపాడు. నేను చూపించిన చోట సంతకం పెట్టాను. నెల తర్వాత, ఎందుకో పట్టుబట్టి, నా పేరు మీద ఒక బ్యాంకు ఖాతా తెరిచాను. అక్కడ కార్డు ఒక ఉత్తరంలో, పిన్ నంబర్ ఇంకో ఉత్తరంలో పోస్టులో పంపుతారు. రెండు వారాలైంది, రాలేదు. మూడైంది. బ్యాంకుకు వెళ్లి అడిగితే ఆ అమ్మాయి కంప్యూటర్ చూసి, రెండు కవర్లూ వెనక్కి వచ్చాయంది. ఆ చిరునామాలో ఆ పేరు గలవాళ్లు లేరని.

ఇంటికొచ్చి కింద పోస్టు డబ్బాల వరస ముందు నిలబడ్డాను. ఎనిమిది ఇళ్లకు ఎనిమిది రేకు డబ్బాలు. అక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు, డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా ఇంటిపేరు ఉంటుంది, పోస్టుమాన్ దాన్ని చూసే వేస్తాడు. మా డబ్బా మీద మా ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉంది. నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. పోస్టుమాన్ తప్పేముంది? రూలు ప్రకారం నేను ఆ ఇంట్లో లేను. రెండు నెలలుగా ఆ ఇంట్లో వండుతున్నదీ తుడుస్తున్నదీ మాత్రం నేనే. ఆ సాయంత్రం తెల్ల కాగితం ముక్క మీద నా ఇంటిపేరు పెద్దక్షరాలతో రాసి టేపుతో అంటించాను. వానకు తడిసింది. మళ్లీ రాసి అంటించాను. తర్వాత ఇంటి ఓనరే సరైన పలక చేయించి పెట్టాడు.

నీ పేరు ఇక్కడ వేయలేదు గానీ, నువ్వు ఉత్తరం కింద రాసింది కూడా పుట్టింటి ఇంటిపేరే. అందుకని మీ ఆయనకు ఈ రోజే ఫోన్ చేసి రెండు పనులు చెప్పు. నువ్వు దిగేసరికి పోస్టు డబ్బా మీదా బెల్ మీదా నీ ఇంటిపేరు ఉండాలి. నీ కోసం వేరే తాళాల గుత్తి ఉండాలి. వీధి తలుపుది, ఇంటిది, పోస్టు డబ్బాది, సెల్లార్‌ది, అన్నీ. ట్యాక్స్ నంబర్ ఉత్తరం, రెసిడెన్స్ కార్డు పిన్, అన్నీ పోస్టులోనే వచ్చే దేశం అది. నీ ఉత్తరాలు నువ్వే తీసి, నువ్వే చించి, అర్థం కాకపోయినా ముందు నువ్వే చదువు. తర్వాత ఆయన్ని అడుగు.

దిగాక వారానికి ఒక పని నువ్వొక్కదానివే చెయ్. ఆయన వెంట రాకూడదు. మొదటి వారం సీసాలు మెషీన్లో వేసి రావడం. చాలా రకాల ప్లాస్టిక్ సీసాలకు కొనేటప్పుడే 25 సెంట్లు ఎక్కువ తీసుకుంటారు, ఖాళీది తెచ్చి మెషీన్లో వేస్తే చీటీ ఇస్తుంది, కౌంటర్‌లో చూపిస్తే డబ్బులు. పాత పేపర్లు అమ్ముకున్నంత ఆనందం. నేను మొదట్లో సీసాలు నలిపేసి తీసుకెళ్లేదాన్ని, అది మింగినట్టే మింగి మళ్లీ బయటికి ఉమ్మేసేది. నలపకు. రెండో వారం డాక్టర్ అపాయింట్‌మెంట్ ఫోన్‌లో తీసుకోవడం. ప్రభుత్వ పద్ధతి ఆరోగ్య బీమా అయితే సంపాదన లేని భార్య భర్త బీమాలోనే అదనపు రుసుం లేకుండా చేరుతుంది, నీ పేరుతో కార్డు వస్తుంది. రాత్రివేళ జ్వరంలాంటి వాటికి 116117, ప్రాణం మీదికొస్తే 112. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో వేసుకో. ఊళ్లో తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ కొనుక్కో. 2023 మేలో నెలకు 49 యూరోలకు మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. అయినా దేశమంతా బస్సులూ ట్రాములూ ప్యాసింజర్ రైళ్లూ ఎక్కొచ్చు, ఐసీఈలాంటి ఎక్స్‌ప్రెస్‌లు తప్ప. 'ఎక్కడికెళ్తావ్ ఒక్కదానివి, నీకెందుకు నెల పాస్' అంటే వినకు.

స్టుట్‌గార్ట్ ప్రత్యేకత ఒకటి చెప్పకపోతే నాకు తోచదు. వచ్చిన కొత్తలో ఒక సోమవారం మా తలుపు పిడికి చిన్న చెక్క పలక తగిలించి ఉంది, మీద ఏదో రాసి. ఏ పండగ అలంకరణో అనుకున్నాను, మన మామిడి తోరణంలాగా. బాగుందని ఫొటో తీసి అమ్మకు పంపాను కూడా. శనివారం సాయంత్రం కింది అంతస్తు పెద్దావిడ బెల్ కొట్టింది. డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో చీపురు, బకెట్టు. పలక చూపించి, మెట్లు చూపించి, నన్ను చూపించింది. దాన్ని కేర్‌వోహె అంటారు. ఆ పలక ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లు ఊడ్చి తుడవడం వాళ్ల వంతు. బెంగళూరులో పనమ్మాయి రెండు రోజులు రాకపోతే గోల చేసినదాన్ని, అక్కడ మెట్ల మీద కూర్చుని తుడిచాను. ఆవిడ పక్కనే నిలబడి, మూలలు వదిలేస్తున్నానని వేలితో చూపిస్తూ, ప్రతి వస్తువు పేరూ గట్టిగా చెప్పింది. చీపురు, బకెట్టు, మెట్టు, మూల. మా ఆయన తోడు లేకుండా అరగంట సేపు నేను ఆ భాషలో ఉండటం అదే మొదటిసారి. పని అయ్యాక ఆ పలకను పక్కింటి తలుపుకు తగిలించమని నా చేతికిచ్చింది. తర్వాత్తర్వాత ఆవిడకు నిమ్మకాయ పులిహోర అలవాటు చేశాను, అది వేరే కథ.

ఉద్యోగం సంగతి. మేనేజర్ నోటిమాట నమ్మకు. జర్మనీలో నివసిస్తూ ఇండియా కంపెనీకి పని చేస్తే అక్కడి పన్నులు, సోషల్ సెక్యూరిటీ చిక్కులు కంపెనీకి చుట్టుకుంటాయి, అందుకే చాలా కంపెనీలు ఒప్పుకోవు. హెచ్‌ఆర్‌ని ఈమెయిల్‌లో అడుగు, జవాబు రాతలో తీసుకో. రాకపోతే అది లేదనుకునే లెక్కలు వేసుకో. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల భార్యకు అక్కడ ఉద్యోగం చేసే హక్కు మొదటి నుంచీ ఉంటుంది, విడిగా అనుమతి అక్కర్లేదు. ఆటంకం భాషే. అక్కడ ఊరూరా ఫోక్స్‌హోహ్‌షూలె అని పెద్దవాళ్ల బడి ఉంటుంది, ఫీజులు అందుబాటులో ఉంటాయి. దిగిన నెలలోనే చేరిపో. క్లాసులో నీలాగే వచ్చిన టర్కీ, సిరియా, బ్రెజిల్ ఆడవాళ్లు కనబడతారు. నాకు అక్కడ దొరికిన మంచి స్నేహాలు తెలుగు సంఘంలోవి కావు, ఈ క్లాసులోవి. తెలుగువాళ్లను వదులుకోమనడం లేదు. ఉగాదికి వాళ్లుండాలి, ఒంట్లో బాగోకపోతే రసం తెచ్చిచ్చేదీ వాళ్లే. కానీ నువ్వు అక్కడ 'ఫలానా ఆయన వైఫ్'వి. క్లాసులో నీ పేరుతో పిలుస్తారు, పలకడం రాక నానా తంటాలు పడి అయినా సరే.

డబ్బు గురించి ఒక్కటే. అక్కడ జీతంలో నెలనెలా ఎంత పన్ను కోస్తారనేది ట్యాక్స్ క్లాసును బట్టి ఉంటుంది. నీకు జీతం లేనప్పుడు ఆయన మూడో ట్యాక్స్ క్లాసు, నువ్వు ఐదో క్లాసు పెట్టుకుంటే ఇంటికి నెలనెలా ఎక్కువ వస్తుంది, చాలామంది అదే చేస్తారు. నీకు ఉద్యోగం రాగానే ఇద్దరూ నాలుగో క్లాసుకు మార్పించుకోండి. లేకపోతే ఐదో క్లాసులో నీ జీతం బాగా కోసుకుపోయి చేతికి కాస్తే వస్తుంది. రేపు బిడ్డ పుడితే ఇచ్చే భత్యాన్నీ చేతికొచ్చే జీతాన్ని బట్టే లెక్క కడతారు. 'ఇంత తక్కువ వచ్చేదానికి పిల్లను వదిలి వెళ్లడం ఎందుకు' అన్న మాట ఆ పే స్లిప్ చూశాకే చాలా ఇళ్లలో పుడుతుంది. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్పించడం కూడా మరవకు.

ఇల్లు ఇంకా చూస్తున్నారో, చూసేశారో నువ్వు రాయలేదు. చూస్తుంటే, అక్కడ 'రెండు గదులు' అంటే హాలు కలిపి రెండు, అంటే మన వన్ బీహెచ్‌కే. డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ ఇచ్చిన ప్రాణాలకు అది పండగే. కానీ వంటిల్లు ఉందా అని విడిగా అడగమను. నవ్వులాట కాదు. చాలా ఇళ్లలో ఆ గదిలో గోడకు నీళ్ల పైపు తప్ప ఏమీ ఉండదు, సింకు కూడా పాతవాళ్లు విప్పుకుపోతారు. తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరిచి పెట్టుకో, పైన పొగ అలారం ఉంటుంది. దాని కూతకు మా కింది అంతస్తు పెద్దావిడ రెండుసార్లు పరిగెత్తుకొచ్చింది.

మార్చి దాకా మీ ఆయన్ని వండుకోమను. పప్పు, చారు, ఒక వేపుడు, వీడియో కాల్‌లో నువ్వే నేర్పించు. నువ్వు క్లాసుకు వెళ్లిన సాయంత్రాలు ఆ చారే మీ ఇద్దరికీ.

ఇక సూట్‌కేసు. నెయ్యి, కోవా, కోడి పచ్చడి తీసేస్తే నాలుగైదు కిలోలు ఖాళీ అవుతుంది. అందులో నీ సర్టిఫికెట్లు, ఆఫీసు ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం ఒరిజినల్స్ పెట్టు, కాదు, అవి చేతి బ్యాగులో. పెట్టెలో నీకు నచ్చిన నాలుగు పుస్తకాలు, ఒక మంచి చీర, నీ కొలతకు సరిపోయిన స్వెటర్. బూట్లు మాత్రం అక్కడే కొనుక్కో, ఇక్కడివి ఆ చలికి ఆగవు. కుక్కర్ రబ్బర్లు రెండు, వెయిట్ ఒకటి అదనంగా వేసుకో. మన మోడల్‌కు సరిపోయేవి అక్కడ దొరకడం కష్టం, నేను ఒక రబ్బరు కోసం మా తమ్ముడు వచ్చేదాకా ఐదు నెలలు మూత మీద రోలు పెట్టి అన్నం వండాను.